మూడో అంతస్తు తాళంచెవి

ఫహాహీల్, కువైట్
27 సెప్టెంబరు 1990, గురువారం

సౌభాగ్యవతి నాగేశ్వరికి నీ భర్త భీమేశ్వరరావు దీవించి రాసేది. నేను బతికే ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది. ముందుగా ఆ మాట రాసేశాను కనుక మిగిలినది కంగారు పడకుండా చదువుకో. అక్కడ నువ్వూ, అమ్మా, సూర్యకిరణూ, సత్యదుర్గా క్షేమంగానే ఉన్నారని నమ్ముతున్నాను. నమ్మడం తప్ప కబురు తెలిసే దారి లేదు. ఇరాక్ సైన్యం ఈ దేశంలోకి దిగిన ఆగస్టు రెండో తేదీ నుంచి మాకు పోస్టూ లేదు, ఫోనూ లేదు. ఈ ఉత్తరాన్ని రెడ్డెమ్మ అనే రాయచోటి ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను. శనివారం ఆడవాళ్ళ బస్సులో బాగ్దాదు మీదుగా జోర్డాన్ వెళ్ళి, అక్కడ మనవాళ్ళ విమానం ఎక్కుతుంది. బొంబాయిలో దిగగానే నీకు పోస్టు చేస్తుంది.

నీ ఆఖరి ఉత్తరం జులై ముప్ఫై ఒకటిన అందింది. రెండు రోజులకే అన్నీ మూతపడ్డాయి. అందులో నువ్వు అడిగినవాటికి రెండు నెలల తరువాత జవాబు రాస్తున్నాను, నవ్వకు. తుఫానుకి పడిపోయిన కొబ్బరిచెట్ల చోట వెంటనే మొక్కలు పెట్టించు, నా కోసం ఆగకు. అమ్మ కంటి ఆపరేషన్ కాకినాడలోనే చేయించు. భయపడితే నువ్వు పక్కన కూర్చుని కబుర్లు చెప్పు, నీ మాట వింటుంది. సూర్యకిరణ్‌ని హాస్టల్లో వెయ్యాలా అన్నావు. వద్దు. పన్నెండేళ్ళ పిల్లాడు, ఇంట్లో ఉండనీ. ఫోటోలో చిక్కినట్టున్నానన్నావు. అప్పుడు చిక్కలేదు. ఇప్పుడు చిక్కాను.

ఇంకొకటి అడిగావు. "పని నుంచి వచ్చాక సాయంత్రాలు ఏం తోస్తుందండీ మీకు, ఒక్కరూ ఏం చేస్తారు?" అని. దానికి జవాబు రాయడానికే ఇంత ఉత్తరం.

మా కుక్కుటేశ్వరరావు ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడు. నాతో ఒకే గదిలో ఉండేవాడు, సెప్టెంబరు మొదట్లోనే బస్సెక్కాడు. నీకు కబురు చెప్పడానికి వచ్చే ఉంటాడు. "మీ ఆయన ఒక దొరను దాచి కాపాడుతున్నాడమ్మా, గుండె నిండా ధైర్యం ఉన్న మనిషి" అని వీధిలో నిలబడి చెప్పే ఉంటాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ అతను వెళ్ళిపోయాక జరిగింది అతనికి తెలియదు.

దొర అంటే మా పంపుల కంపెనీ పెద్ద ఇంజనీరు విల్కిన్స్ గారు. అరవై మూడేళ్ళ మనిషి, గుండె జబ్బు ఉంది. ఆయన భార్య ఎండలకి తట్టుకోలేక జూన్‌లోనే ఇంగ్లండు వెళ్ళిపోయింది. సైనికులు వచ్చిన వారానికి రేడియోలో చెప్పారు, ఇంగ్లీషువాళ్ళూ అమెరికావాళ్ళూ వచ్చి లొంగిపోవాలని. పట్టుకున్న మగవాళ్ళను తీసుకుపోయి, బాంబులు పడకుండా అడ్డుగా కర్మాగారాల దగ్గర పెడుతున్నారని అందరూ అనుకునేవారు. వాళ్ళను దాచినవాళ్ళకు ఉరిశిక్ష అని తరువాత చెప్పారు. ఆగస్టు తొమ్మిదిన విల్కిన్స్ గారు చేతిలో ఒక చిన్న సంచితో మా మేడ వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఏమీ అడగలేదు. పద్నాలుగేళ్ళుగా ఆయన ఉత్తరాలు టైపు చేస్తున్నాను, ఆయన ముఖం అలా ఎప్పుడూ చూడలేదు. నేను తలుపు తీశాను.

తీసింది నేనే గానీ, దాచింది గురప్ప. గురప్ప మా మేడకి హారిస్, అంటే కాపలాదారు. అతనిదీ రాయచోటి దగ్గరి పల్లె. మూడో అంతస్తులో ఈజిప్టు కుటుంబం ఖాళీ చేసి పోయిన వాటాలో దొరను ఉంచి, ఎవరూ లేరనిపించేలా బయట తాళం వేశాడు. తాళంచెవులు రెండు. ఒకటి తన మొలతాడుకి కట్టుకున్నాడు, ఒకటి నాకిచ్చాడు. తెల్లవారుజామునే రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడి దొరకి కూడా రొట్టె తెచ్చేవాడు. రెడ్డెమ్మ అప్పటికే మా దగ్గరికి చేరింది. ఆవిడ పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లల్ని కారులో వేసుకుని సౌదీకి పోతూ ఇంటి తాళాలు ఆవిడ చేతిలో పెట్టింది. సైనికులు ఆ ఇంట్లో దిగితే, ఈవిడ ఫహాహీల్ దాకా నడిచి వచ్చేసింది. మా అందరికీ వంట ఆవిడే.

విల్కిన్స్ గారి సంచిలో మందులూ, రెండు జతల బట్టలూ, ఒక పాత పుస్తకమూ ఉన్నాయి. ఎర్ర అట్ట, వెన్ను ఊడిపోయింది. మహారాణి కాలంలో అచ్చయిన సాహస నవల. ఆయన తాతగారికి బడిలో బహుమతిగా వచ్చిందట. పగలంతా కిటికీ తెర వేసుకుని ఆ వేడిలో కూర్చుంటే మనిషికి పిచ్చెక్కుతుంది. అందుకని ఆయన సాయంత్రం పూట గొంతు తగ్గించి చదివేవారు. నేను తెలుగులో చెప్పేవాణ్ణి. గురప్పా, రెడ్డెమ్మా వినేవారు. నా సాయంత్రాలు అలా గడిచాయి నాగేశ్వరీ.

కథ ఇది. కొందరు ఇంగ్లీషు ప్రయాణికులు ఎడారిలో శిథిలమైపోయిన ఒక నగరాన్ని చూడటానికి ఒంటెల మీద బయలుదేరతారు. మొక్కలు సేకరించే ఒక పండితుడు, ఆయనకి పెళ్ళికాని ఒక చెల్లెలు, ఓడ నడిపి విశ్రాంతి తీసుకున్న ఒక ముసలాయన, ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళతో ఒక వంటవాడు, నలుగురు ఒంటెలవాళ్ళు. మూడో రోజున గుర్రాల మీద దోపిడీగాళ్ళు వచ్చి అందర్నీ బందీలుగా పట్టుకుంటారు. ఒక బావి నుంచి ఇంకో బావికి కాళ్ళు బొబ్బలెక్కేలా నడిపిస్తారు. రెడ్డెమ్మకి ఆ చెల్లెలి మీదే ధ్యాస. "ఆ యమ్మకు తాగను నీళ్ళిచ్చినారా లేదా, అది చెప్పు ముందు" అనేది. నీళ్ళు ఇచ్చారని చెప్పేదాకా నన్ను ముందుకు పోనిచ్చేది కాదు.

గురప్ప అడిగిన ప్రశ్న వేరు. ఒకరోజు చదవడం అయ్యాక నెమ్మదిగా అన్నాడు.

"సార్, ఆ వంటోడు ఏమైనాడు?"

ఇంగ్లీషులో అడిగాను. విల్కిన్స్ గారు నవ్వి వెనక్కి పేజీలు తిప్పారు. ముందుకి తిప్పారు. మర్నాడంతా వెతికినట్టున్నారు. సాయంత్రం మేము వెళ్ళేసరికి ఆయన ముఖంలో నవ్వు లేదు. "ఏడో అధ్యాయంలో అతను టీ కాస్తాడు. ఆ తరువాత అతని ఊసే లేదు. ఒంటెలవాళ్ళ ఊసూ లేదు. యాభై ఏళ్ళలో ఈ పుస్తకం నాలుగుసార్లు చదివాను. నాకెప్పుడూ తట్టలేదు" అన్నారు.

"పేరన్నా ఉండాదా వానికి?" అన్నాడు గురప్ప.

"లేదు."

"అయితే పారిపోయింటాడులే. బావులు యాడుండాయో వంటోనికి తెల్సు గదా. తిత్తి నిండా నీళ్ళు పట్టుకోని, ఆ నలుగురినీ ఎంటబెట్టుకోని, తెల్లారేసరికి కనపడకుండా పోయింటాడు. రాసినాయనకు తెలిస్తే గదా రాసేది" అన్నాడు గురప్ప.

అది ఇంగ్లీషులో చెప్పగానే విల్కిన్స్ గారు ఎంత నవ్వారంటే, రెడ్డెమ్మ భయపడి ఆయన నోటికి తన కొంగు అడ్డం పెట్టబోయింది.

నేను మాత్రం ఆ పుస్తకంలో ఇంకొకటి గమనించాను. అందులో ఎవరూ భయపడరు. భయపడినా ఒక పేరాలో తేరుకుంటారు. ముసలి ఓడ కెప్టెన్ మెడ మీద కత్తి పెట్టినా మిగిలినవాళ్ళు ఎటు పోయారో చెప్పడు. అది చదువుతున్నప్పుడు, నేనున్నా ఇంతే కదా అనుకున్నాను. తలుపు తీసినవాణ్ణి కదా.

నలభై రోజులు అలా గడిచాయి. ఆ మధ్య నాకు బస్సులో చోటు వచ్చింది, వదులుకున్నాను. నీకు కోపం వస్తుందని తెలుసు. నాకు మాత్రం ఆ రోజు నా మీద నాకు గౌరవం కలిగింది.

సెప్టెంబరు పద్దెనిమిది, మంగళవారం మధ్యాహ్నం ఒక అధికారీ, నలుగురు సైనికులూ వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. గురప్ప కింద గుమ్మంలోనే ఉన్నాడు. నేను మెట్ల మీద ఉన్నాను. రెడ్డెమ్మ మా గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఇంగ్లీషువాడు ఎక్కడని అడిగారు. "మాఫీ" అన్నాడు గురప్ప. అరబ్బీలో లేడని. తుపాకీ వెనక భాగంతో పొట్టలో పొడిచారు. "మాఫీ" అన్నాడు. మోకాలి కింద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు మెట్ల మీదికి వినిపించింది. కిందపడి కూడా అదే మాట. మొలతాడు తాళంచెవి ఆ పెనుగులాటలో ఎక్కడ పారేశాడో వాళ్ళకి దొరకలేదు.

ఆ తరువాత జరిగిందని ఇక్కడ అందరికీ తెలిసింది ఇది. గురప్ప తలకి తుపాకీ పెట్టారు, చంపేస్తామన్నారు, భీమేశ్వరరావు గత్యంతరం లేక మూడో అంతస్తు తాళంచెవి తీసి ఇచ్చాడు, ఒకణ్ణి బతికించడానికి ఒకణ్ణి వదులుకున్నాడు. రెడ్డెమ్మకి నేను అలాగే చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "నువ్వేం జేస్తావులేన్నా, దేవుడు సూస్తాండాడు" అంది. స్పృహ వచ్చాక గురప్ప కూడా వచ్చినవాళ్ళందరి ముందూ, "సారు లేకుంటే నేనీపాటికి మన్నైపోయుందును" అన్నాడు. ఈ కథే మన ఊరికీ వస్తుంది. ఎవరూ నన్ను తప్పుపట్టరు.

ఇప్పుడు నిజం రాస్తున్నాను.

గురప్ప తలకి ఎవరూ తుపాకీ పెట్టలేదు. ఎంత కొట్టినా అతను చెప్పకపోయేసరికి ఆ అధికారి "ఖలాస్" అన్నాడు. ఇక చాలు అని. సైనికులు అతన్ని వదిలేసి జీపు దగ్గరికి నడిచారు. ఇద్దరు ఎక్కి కూర్చున్నారు కూడా. అధికారి గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మర్యాదగానే అడిగాడు, మంచి ఇంగ్లీషులో.

"నువ్వేం పని చేస్తావు?"

"టైపిస్టునండి."

"పిల్లలున్నారా?"

"ఇద్దరండి."

"వాళ్ళని చూడాలని ఉందా?"

ఉందన్నాను. అతను ఇంకేమీ అనలేదు. అరవలేదు, చెయ్యెత్తలేదు. ఊరికే నిలబడ్డాడు. నాకు సత్యదుర్గ కనిపించిందనో, నువ్వు కనిపించావనో రాయగలను. ఎవరూ కనిపించలేదు నాగేశ్వరీ. గురప్ప కాలు కనిపించింది, నా కాలు అలా అవుతుందనిపించింది. అంతే. నా చెయ్యి జేబులోకి పోయి తాళంచెవి తీసి చాచింది. నోటితో ఒక్క మాట అనలేదు. నోరు తెరవాల్సిన అవసరం కూడా రాలేదు.

విల్కిన్స్ గారు బూట్లు వేసుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని దిగారు. మెట్ల మలుపులో ఆగారు. కింద రక్తంలో ఉన్న గురప్పను చూశారు, నన్ను చూశారు. అధికారి చేతిలో ఆ ఎర్ర పుస్తకం ఉంది. బొమ్మలు తిరగేస్తున్నాడు. నల్ల ముసుగులు వేసుకుని కత్తులు దూసిన గుర్రపు దొంగల బొమ్మ దగ్గర ఆగి, "ఇది మేమా?" అన్నాడు. అతను పుస్తకాన్ని మెట్ల మీద పెట్టి ఆయన్ని తీసుకుపోయాడు.

గుండె మందులు బల్ల మీదే ఉండిపోయాయి. నాలుగు రోజులకి ఆచూకీ తెలిసింది. రెడ్డెమ్మ ఊరివాడే రసూల్ అని నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. మూసేసిన ఒక బడిలో ఇంగ్లీషువాళ్ళను ఉంచారనీ, అక్కడికి తానే నీళ్ళు తోలుతున్నాననీ చెప్పాడు. అతని పక్కన కూర్చుని మందులు పట్టుకుని వెళ్ళాను. ధైర్యం వచ్చి కాదు. వెళ్ళకపోతే అన్నం దిగడం లేదు. కాపలా ఉన్న సైనికుడు కాస్త వయసు మళ్ళినవాడు. ట్యాంకు నిండేదాకా మాట్లాడుకోమని ఆయన్ని గేటు దాకా రానిచ్చాడు.

ఆయన మొదట అడిగింది, "గురప్ప బతికే ఉన్నాడా?" అని.

"ఉన్నాడండి. కాలు విరిగింది."

ఊపిరి వదిలారు. గేటు ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకున్నారు. "భీమ్, నువ్వు సరైన పనే చేశావు. ఒక మనిషిని కళ్ళ ముందు చంపుతుంటే తాళంచెవి దాచుకోగలమా? నీ చోట నేనున్నా ఇచ్చేసేవాణ్ణి. మనసులో పెట్టుకోకు" అన్నారు.

ఆయన అలా ఊహించుకున్నారు. నేను చెప్పలేదు. కాదండీ అనడానికి నాకు సమయం ఉంది. ట్యాంకు సగమే నిండింది.

"అలాగేనండి" అన్నాను.

మర్నాడు వాళ్ళందర్నీ బస్సుల్లో బాగ్దాదు వైపు తీసుకుపోయారని రసూల్ చెప్పాడు.

తాళంచెవి ఇవ్వడం పిరికితనం. అది క్షణంలో జరిగిపోయింది. దానికైనా నన్ను నేను ఎప్పటికో క్షమించుకుంటానేమో. ఆ గేటు దగ్గర మాత్రం నాకు భయం లేదు, నన్నెవరూ కొట్టబోలేదు. తీరుబడిగా నిలబడి, నాది కాని క్షమను పుచ్చుకుని జేబులో వేసుకున్నాను. అప్పటినుంచి ఆయన పట్టుకున్న చెయ్యి నా చెయ్యిలా అనిపించడం లేదు.

మొన్న మధ్యాహ్నం గురప్పకి గంజి తాగిస్తూ ఇక ఉండలేక చెప్పేశాను. "గురప్పా, నీకో నిజం చెప్పాలి. నీ ప్రాణం కోసం నేను తాళంచెవి ఇవ్వలేదు. వాళ్ళు నిన్ను వదిలేశారు. వెళ్ళిపోతున్నారు." గేటు దగ్గర దొర అన్నదీ, నేను అలాగేనన్నదీ కూడా చెప్పాను.

అతను గంజి మింగి, గిన్నె పక్కన పెట్టమని సైగ చేశాడు.

"తెల్సు సార్. కాలిరిగింది గానీ చెవులు పోలేదు గదా."

"మరి అందరి ముందూ నేను కాపాడానని ఎందుకు చెప్పావు?"

"చెప్పకుంటే ఏమైతాది? రెడ్డెమ్మ నీకు కూడు పెట్టదు. రసూలు నిన్ను బండెక్కించుకోడు. ఈ దేశంలో మనం ముగ్గురం నలుగురం ఉండాం. ఊరు చేరేదాకా ఒకరి మొగం ఒకరు చూసుకోవల్ల గదా." విరిగిన కాలు చేత్తో సర్దుకున్నాడు. "అట్లని మాఫ్ చేసినాననుకోవాకు. కాలు సలిపినప్పుడల్లా నిన్ను తిట్టుకుంటానే ఉండా. అది నీకూ నాకూ మధ్యన ఉండేది. పోనీ. దొర కాడ తీసుకున్న మాట మాత్రం నీది కాదు సార్. అది తిరిగిచ్చేయల్ల."

"ఎలా ఇస్తాను? ఆయన ఎక్కడున్నారో కూడా తెలియదు."

"పెండ్లాముంది గదా" అన్నాడు.

ఔను, ఉంది. గేటు దగ్గర విల్కిన్స్ గారు భార్యకి రాసిన నాలుగు మడతల కాగితం నా చేతిలో పెట్టారు, ఇండియా నుంచి పోస్టు చెయ్యమని. పైన అడ్రసు రాసి ఇచ్చారు. దానిలో ఏముందో నేను చదవలేదు. నన్ను మెచ్చుకుంటూ రాశారేమో అని భయం. నిన్న కూర్చుని ఆవిడకి ఇంగ్లీషులో నేనూ ఒక పేజీ రాశాను. టైపు మిషను లేదు, చేత్తోనే రాశాను. నీకు పైన రాసిందంతా, గురప్ప పేరుతో సహా, ఆవిడకీ రాశాను. ఆయన తిరిగి వచ్చినప్పుడు చూపించమన్నాను. రెండు కాగితాలూ ఒక కవరులో పెట్టి అంటించాను. తనిఖీల్లో ఇంగ్లీషు కాగితం దొరికితే ప్రమాదమని రెడ్డెమ్మకి చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా తన లంగా అంచులో పెట్టి కుట్టేసుకుంది. కవరులో ఏముందో చెప్పబోతే, "ఇప్పుడొద్దన్నా, ఊరు చేరినాక చెబుదువులే" అంది. ఆవిడకి ఎంత తెలుసో నాకు తెలియదు. ఈ ఉత్తరంతో పాటు ఆ కవరూ నీకు వస్తుంది.

నేను ఆవిడతోనే రావచ్చు గదా అంటావేమో. గురప్ప ఇంకా కూర్చోలేడు. బస్సులో అన్ని రోజులు ప్రయాణం చెయ్యాలంటే ఇంకో పది రోజులైనా పడుతుంది. అతన్ని మోసుకుని ఎక్కించి, దింపి, రాయచోటిలో అతని భార్య పాపాయమ్మకి అప్పగించి, అప్పుడు మన ఊరు వస్తాను. దీనితో ఏదో తీరిపోతుందని కాదు. అతని చంక కింద చెయ్యి వేసి లేపడానికి ఇక్కడ ఇంకెవరూ లేరు.

నేను వచ్చినప్పుడు జనం వస్తారు. దొర సంగతి చెప్పమంటారు. ఏం చెప్పాలో అప్పటికి నాకు తోస్తుందో లేదో. నువ్వు మాత్రం ముందే తెలుసుకుని ఉండాలి. ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు నువ్వు నన్ను ఎలా చూసినా సరే, తెలిసి చూడాలి. అమ్మకి చెప్పాలో వద్దో నీ ఇష్టం. పిల్లలకి నేను చెబుతాను.

నాగేశ్వరీ, ఇక ఒక్క పని. కవరు అందిన రోజునే అమలాపురం పోయి, నీ చేత్తో విదేశాల తపాలాలో వెయ్యి. నేను వచ్చేదాకా ఉంచకు. ఇంటికి చేరి, కడుపునిండా తిని, పిల్లల మధ్య పడుకున్నాక నాకు వేరే బుద్ధి పుట్టవచ్చు. ఆయన క్షమించానన్నారు కదా, పాపం ఆవిడకెందుకు ఈ బాధ అని మంచి మాటలే దొరుకుతాయి నాకు. ఒకవేళ ఏ కారణం చేతనైనా కవరు ఇంకా నీ దగ్గరే ఉండగా నేను వచ్చి, ఏదీ ఇలా ఇవ్వు అని అడిగితే, ఎంత బతిమాలినా ఇవ్వకు.

ఇట్లు,
నీ భర్త
భీమేశ్వరరావు